విప్పని మడత

మా వదిన ఎవరి కొలతా గట్టిగా చదవదు. టేపు నడుం చుట్టూ తిప్పి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, నా చెవి దగ్గర గొణుగుతుంది. నేను రాసుకుంటాను. "ఒంటి కొలత ఊరందరికీ చెప్పేది కాదు" అంటుంది. అందుకే ఒళ్లున్న ఆడవాళ్లంతా దగ్గరున్న దర్జీలను వదిలేసి మరీ మా కొట్టుకొస్తారు. ఎదురుగా ఇస్త్రీ బల్ల పెట్టుకున్న పెద్దాయన చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నా, ఇన్నేళ్లలో ఆయనకి ఒక్క అంకె కూడా దొరకలేదు.

కొట్టంటే మరీ కొట్టు కాదు, అన్నయ్య ఇంటి ముందు గది. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక తీగ. కుట్టడం అయిపోయినవన్నీ ఆ తీగకి వేలాడుతుంటాయి. వదిన కత్తిరిస్తుంది, కుడుతుంది. కాజాలు, గుండీలు, చేతి కుట్లు నావి. పొద్దున్న మా ఇంట్లో వంటయ్యాక వచ్చి, దీపాలు పెట్టే వేళకి వెళ్లిపోతాను. బళ్లు తెరిచే ముందు నెలరోజులు మాత్రం మా ఇద్దరికీ మెడ ఎత్తే తీరిక ఉండదు. ఆ వీధిలో పిల్లలందరి యూనిఫాంలూ మా చేతుల మీదే పోతాయి.

వదిన పొట్టిది. అన్నయ్య బస్సు డ్రైవరు, ఆరడుగుల మనిషి. పెళ్లి ఫొటోలో వదిన పీట మీద నిలబడింది. ఆ పీట కనబడకుండా చీర కుచ్చిళ్లు సర్దింది నేనే. మా అమ్మ ఆ ఫొటో చూసినప్పుడల్లా "పీట లేకపోతే వాడి మోచేతికి బొట్టు పెట్టినట్టుండేది" అనేది. మా అమ్మ నోరు అంతే. మంచి మాట కూడా దెబ్బలాడుతున్నట్టే అంటుంది. చెడ్డ మాటైతే ఇంక చెప్పక్కర్లేదు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు మామూలు బరువే. కానీ మర్నాటికి పాలు పట్టలేదు, ఒళ్లు చల్లబడిపోయింది. రక్తంలో చక్కెర పడిపోయిందని అద్దాల పెట్టెలో పెట్టారు. పచ్చకామెర్లు కూడా అంత తొందరగా వదల్లేదు. తర్వాత తేరుకుని ఇంటికొచ్చింది. గండం గడిచిందనుకున్నాక ఆ సంగతి మళ్లీ ఎవరం తల్చుకోలేదు.

పిల్ల చిన్నగానే పెరిగింది. బొద్దు మొహం, సన్నటి గొంతు, బొమ్మలా ఉండేది. చూసినవాళ్లందరూ వదిన వైపు చూసి "తల్లి పోలిక" అనేవారు. పొట్టి తల్లికి పొట్టి పిల్ల, ఇందులో వింతేముంది? ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది, బడి నుంచి రాగానే నిద్రపోయేది. "సుకుమారం" అన్నాం. మెలకువగా ఉన్నంతసేపూ మాత్రం పిట్ట కొంచెం కూత ఘనం. వాళ్ల నాన్నమ్మకి ఎదురు చెప్పగలిగేది ఆ ఇంట్లో అదొక్కతే.

ఇక వదిన పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. వీధి పిల్లలందరికీ ప్రతి ఏడూ టేపు పెడుతుంది. పోయినేడాది కొలత ఉంది కదమ్మా అంటే ఒప్పుకోదు, "పిల్లలు పొద్దున్న ఉన్నట్టు సాయంత్రం ఉండరు" అంటుంది. కానీ సొంత కూతురికి ఏనాడూ టేపు పెట్టలేదు. "నా పిల్ల కొలత నా చేతులకి తెలీదా?" అని ధీమా. పిచ్చుకకి ఐదేళ్లప్పుడు కళ్లతోనే కొలిచి, కాస్త పెద్దగా, ఒక పేపరు కటింగ్ చేసింది. అంటే గౌను ముక్కలన్నీ ముందు కాగితం మీద గీసి కత్తిరించి పెట్టుకోవడం. గుడ్డ మీద ఆ కాగితం పరిచి సుద్ద గీస్తే చాలు. గౌను కింద అంచు బెత్తెడు లోపలికి మడిచి కుట్టింది. పెరిగే పిల్లలకి అందరు దర్జీలూ చేసే పనే ఇది. ఏడాది తిరిగేసరికి గౌను పైకెక్కితే, ఆ కుట్టు విప్పి, మడతలో దాచిన గుడ్డని కిందికి దింపుతారు.

మర్నాటి ఏడు మడత విప్పే పని పడలేదు. "కాస్త ఎక్కువే పెద్దగా కత్తిరించినట్టున్నా" అంది వదిన. ఆ పై ఏడు గౌను పాతబడితే అదే కాగితం పెట్టి కొత్తది కుట్టింది. అతికినట్టు సరిపోయింది. ఆ మరుసటేడూ అంతే. అప్పుడు వదిన మొహం చూడాలి! "చూశావా, ఎప్పటి కటింగ్! ఇప్పటికీ అంగుళం తేడా లేదు. కన్నంటే ఇదీ" అంది. నేను ఔనన్నాను, అమ్మ కూడా ఔనంది. మా అమ్మ వదినని మెచ్చుకోవడం అదే మొదలు. పనిమంతురాలు కాకపోతే ఆ పొరపాటు చేసేదే కాదు. పని రానివాళ్లు ప్రతిసారీ కొలుచుకుంటారు.

పిచ్చుక మూడో తరగతిలోకి వెళ్లే ఏడు, బళ్లు తెరవడానికి వారం ముందు, పాల డిపో నడిపే ఆవిడ కుట్టడానికిచ్చిన గౌను కోసం కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల అప్పుడే బళ్లో చేరబోతోంది. ఐదు నిండాయో లేదో. వదిన లోపల దారం ఉండ వెతుకుతోంది, నేను కాజా మధ్యలో ఉన్నాను. ఆవిడ ఆగలేక తీగ మీదున్న గౌను ఒకటి తీసి పిల్లకి తొడిగేసింది. వదిన బయటికొచ్చేసరికి ఆ పిల్ల గిర్రున తిరిగి చూపిస్తోంది.

"మీ చేతికి దణ్ణం పెట్టాలండీ. ఎక్కడా ఒక్క ముడత లేదు. దీని కోసమే పుట్టినట్టుంది గౌను" అంది పాల డిపో ఆవిడ.

అది పిచ్చుక గౌను. జేబు మీద పిచ్చుక బొమ్మ కుట్టింది నేనే, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ పిల్ల గౌను ఇంకా గుండీలు లేకుండా నా ఒళ్లోనే ఉంది. నేను నోరు తెరవబోయి వదినని చూసి ఆగాను. ఆవిడ ఆ పిల్ల భుజాల వైపు చూస్తోంది, నడుం వైపు చూస్తోంది, మోకాలి దగ్గర అంచు వైపు చూస్తోంది. చేతిలో దారం ఉండ కింద పడి మిషను కిందికి దొర్లిపోయింది. దాన్ని తియ్యడానికి కూడా వంగలేదు.

వాళ్లు వెళ్లాక పిచ్చుకని పిలిచింది. మెళ్లో టేపు తీసి, ఎనిమిదేళ్ల కూతురికి మొట్టమొదటిసారి కొలత పెట్టింది. భుజం, చెయ్యి, నడుం, మోకాలి దాకా. నా చెవిలో కూడా చెప్పలేదు. ఒక్కో కొలత తీసి బల్ల మీదున్న ఆ పాత కాగితానికి ఆనించి చూసుకుంది. "మూడేళ్లు" అంది. "మూడేళ్లుగా ఉన్నచోటే ఉంది నా తల్లి. నేను కన్ను కన్ను అని మురిసిపోయాను."

"అమ్మా, ఇంక ఆడుకోవడానికి పోనా?" అంది పిచ్చుక.

ఆ తర్వాత ఆసుపత్రులు. మా వీధి చివరి డాక్టరు "కొంతమంది లేటుగా పెరుగుతారు, చూద్దాం" అన్నాడు. చూడ్డం మూడేళ్లు నేను చూశాను, ఇంక చాలు అంది వదిన. మెత్తటి మనిషి, అలా గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఆయనే పెద్దాసుపత్రిలో హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. అక్కడ పిల్ల ఎడం చేతికి ఎక్స్‌రే తీశారు. ఒక మందిచ్చి, దానికి హార్మోను పెరుగుతుందో లేదో చూడాలని మళ్లీ మళ్లీ రక్తం తీశారు. తలకి స్కాను చేశారు. స్కాను గది చప్పుడుకి పిచ్చుక భయపడలేదు కానీ, "మీ మిషనుకి నూనె వెయ్యాలి, మా అమ్మనడగండి" అని అక్కడివాళ్లకి చెప్పింది. చివర్లో వదినకీ అన్నయ్యకీ కూడా రక్తం తీశారు, జన్యువుల పరీక్షకని.

ఆ ఫలితం రావడానికి చాలా వారాలు పట్టింది. ఈలోపు మా అమ్మ ఊరుకోలేదు. "మా వైపు అందరూ గుమ్మాలకి తలలు కొట్టుకునేవాళ్లే. ఈ పొట్టితనం ఎక్కణ్ణించొచ్చిందో నేను చెప్పాలా?" అని వంటింట్లోంచి ముందు గదికి వినబడేలా అనేది. వదిన మిషను గట్టిగా తొక్కేది. ఆ చప్పుడులో ఏడ్చేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ వారాల్లో కుట్టినవన్నీ వంకర్లు పోయాయి. నేను ఇంటికి పట్టుకెళ్లి విప్పి మళ్లీ కుట్టాను. అమ్మతో ఒకరోజు గట్టిగా పోట్లాడాను కూడా. "నువ్వు దాని తరఫా?" అంది. ఔనన్నాను.

ఫలితం చెప్పే రోజున అందరం వెళ్లాం. అమ్మని వద్దన్నా వచ్చింది. డాక్టరమ్మ ఓపికున్న మనిషి. కాగితం మీద తల బొమ్మ గీసి, మెదడు కింద చిన్న చుక్క పెట్టింది.

"ఇది పిట్యూటరీ గ్రంథి. బఠాణీ గింజంత ఉంటుంది. ఎదగమని ఒళ్లంతటికీ చెప్పేది ఇదే, గొంతు దగ్గరుండే థైరాయిడ్‌ని పని చేయించేదీ ఇదే. మీ పాపకి ఇది పుట్టుకతోనే సరిగ్గా తయారవలేదు. కడుపులో బిడ్డ రూపు కడుతున్నప్పుడు, ఈ గింజలో ఏ కణం ఏ పని చెయ్యాలో చెప్పే జన్యువులు కొన్నుంటాయి. వాటిల్లో ఒకటి పాపకి పని చెయ్యట్లేదు. చాలామంది పిల్లల్లో ఎంత వెతికినా కారణం దొరకదు. మీకు దొరికింది."

"ఆవిడ పొట్టి కదండీ" అంది అమ్మ, వదిన వైపు చెయ్యి చూపించి. "మరి అందుకేగా?"

"ఆవిడ పొట్టిగా ఉండటానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా. ప్రతి జన్యువూ మనకి రెండేసి ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి బాగుంటే చాలు, మనిషికి ఏమీ కాదు, లోపల ఇంకోటి చెడ్డదుందని జన్మలో తెలీదు. పాపకి రెండూ చెడ్డవే వచ్చాయి. ఒకటి ఈవిడ దగ్గర్నుంచి. రెండోది మీ అబ్బాయి దగ్గర్నుంచి."

"మా వాడా? వీణ్ణి చూసే అంటున్నారా?" అంది అమ్మ. అన్నయ్య ఆ గదిలో సీలింగు ఫ్యానుకి భయపడి కాస్త వంగి నిలబడి ఉన్నాడు.

"ఆరడుగుల మనిషిలోనే ఉందమ్మా. ఆయనకి మీ నుంచో మీ ఆయన నుంచో వచ్చుంటుంది."

ఏ పుట్టలో ఏ పాముందో! మా అమ్మ నోరు మూతపడటం నేను రెండుసార్లే చూశాను. ఒకటి నాన్న పోయినప్పుడు, రెండోది ఇది. నాకూ లోపల కాస్త గుబులుగానే అనిపించింది. అన్నయ్యలో ఉన్నది నాలోనూ ఉండొచ్చు కదా. మా ఆయనతో మాట్లాడి పరీక్ష సంగతి తర్వాత చూద్దామనుకున్నాం. ఇంకో బిడ్డని కంటే ఆ బిడ్డకి కూడా ఇలాగే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉందని డాక్టరమ్మ అన్నయ్యకీ వదినకీ చెప్పింది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వదిన అడిగింది మాత్రం వేరు. "నేను కడుపుతో ఉన్నప్పుడు ఆఖరి నెలదాకా మిషను తొక్కానండీ. అందుకా?"

"కాదు."

"చక్కెర పడిపోయినప్పుడే నేను గట్టిగా అడగాల్సింది, కదా?"

"అది మీరు అడగాల్సింది కాదు, మేం చూడాల్సింది" అంది డాక్టరమ్మ. నాకు ఆవిడ మీద గౌరవం అప్పుడే కలిగింది.

"మూడేళ్లు పోగొట్టాను" అంది వదిన. "నేను టేపు పెట్టుంటే మూడేళ్ల కిందే తెచ్చేదాన్ని. పోయినవి పోయినట్టేనా? ఇంక పెరగదా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. ముందే తెస్తే ముందే మొదలయ్యేది అంది. తర్వాత చేతి ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించింది. "పాపకి ఎనిమిదేళ్లు. ఎముకలకి ఐదే. అవి కూడా ఆగిపోయి ఉన్నాయి. ఎముకలు ముదిరిపోతే ఎన్ని మందులిచ్చినా లాభం లేదు. ఇవి ముదరలేదు. ఇంకా జాగా ఉంది."

వదిన ఆ చేతి బొమ్మని చాలాసేపు చూసింది. "అంటే లోపల మడతుందన్నమాట" అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నేను పిచ్చుక గౌను అంచు చూపించి చెప్పాను. ఆవిడ నవ్వి, "ఉంది, విప్పుదాం" అంది. మందు పిల్లలందరికీ ఒకేలా పని చెయ్యదని, ఏడాది చూస్తేగానీ ఏమీ చెప్పలేనని కూడా అంది. ముందు ముందు ఇంకో హార్మోను కూడా తగ్గొచ్చు, అందుకే ఏ జన్యువో తెలియడం మంచిదైంది, జ్వరమొచ్చి పిల్ల వడిలిపోతే ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకురండి అని మరీ మరీ చెప్పింది.

పొద్దున్న థైరాయిడ్ మాత్ర. పడుకునే ముందు ఎదిగే హార్మోను ఇంజెక్షను, రోజూ. పెన్నులా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి, తొడకి పొడవాలి. దాని ఖరీదు గురించి నన్నడక్కండి, నా నోరు మంచిది కాదు. చిత్రమేమిటంటే, పగలంతా సూదితో బతికే మా వదిన ఆ సూది పట్టుకోలేకపోయింది. చెయ్యి తొడ దాకా వెళ్లి ఆగిపోయేది. అన్నయ్య డ్యూటీలో ఉంటాడు. నాలుగు రోజులు రాత్రిపూట మళ్లీ వచ్చి నేనే పొడిచాను. ఐదోరోజు వెళ్లేసరికి అమ్మ కళ్లజోడు పెట్టుకుని, పెన్ను పుచ్చుకుని మంచం మీద కూర్చుంది.

"నువ్వెందుకమ్మా?"

"నా కొడుకు ఇచ్చిందేగా సగం. ఆ సగం నేను చూసుకుంటా" అంది. ఆ మాట పక్కింటికి కూడా వినబడింది. పెన్ను మూత తీస్తూ, "అయినా అది నాది కాదు, మీ నాన్నదే అయ్యుంటుంది" అంది. పోయినవాళ్లు వచ్చి కాదనరు కదా అని ధైర్యం.

అప్పటినుంచి ఆ పని అమ్మదే. పిచ్చుక రోజూ బేరమాడేది, కుడి తొడ కాదు ఎడమది, ఇప్పుడు కాదు కథయ్యాక, అని. అమ్మ తిట్టుకుంటూ కథ చెప్పేది. వదినతో అమ్మ క్షమాపణ లాంటిదేమీ అనలేదు. కానీ ఒకరోజు పెళ్లి ఫొటో తుడుస్తూ పీట సంగతి ఎత్తకుండానే మేకుకి తగిలించింది. మా ఇంట్లో అది చాలా పెద్ద విషయం.

మాత్ర మొదలైన కొద్ది వారాలకే పిల్ల చురుగ్గా తయారైంది. దుప్పటి వదిలేసింది, మధ్యాహ్నం నిద్ర మానేసింది. కానీ వదిన భయం ఆ మాత్ర గురించి కాదు. పిల్ల ఎదుగుతుందా లేదా అన్నదొక్కటే ఆవిడని తినేసేది. ఆసుపత్రిలో గోడకి ఆనించి ఎత్తు చూస్తుంటే బయటికి వెళ్లిపోయేది. డాక్టరమ్మ అంకె చెప్పబోతే, "వాళ్ల అత్తకి చెప్పండి" అనేది. నేను చెప్పబోతే "వద్దు" అని చెవులు మూసుకునేది. మూడేళ్లు తన కళ్లే తనని మోసం చేశాయి, ఇప్పుడు మంచి మాట విని మురిసిపోవాలంటే ఆమెకి భయం. ఆ ఏడంతా పిచ్చుకకి ఒక్క గుడ్డ కుట్టలేదు. వదులుగా వేలాడే రకం గౌన్లు రెడీమేడ్ కొట్లో కొంది. దర్జీ కూతురు రెడీమేడ్ తొడుక్కోవడం ఏంటని ఇస్త్రీ పెద్దాయన నన్ను నిలేస్తే, "మీ బనీను మీరే ఇస్త్రీ చేసుకున్నారా?" అన్నాను. తన ఒంటి మీద నలిగిన బనీను చూసుకుని మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు.

మళ్లీ బళ్లు తెరిచే రోజులొచ్చాయి. ఒకరోజు వచ్చేసరికి వదిన బల్ల మీద ఆ పాత కాగితం పరిచి ఉంది. దాని కింద కొత్త యూనిఫాం గుడ్డ. సుద్ద గీతలు అప్పుడే గీసింది.

"వదినా, పిల్లకి టేపు పెట్టి..."

"నువ్వు గుండీలు వెయ్యి" అంది.

ఆవిడ ఏం చేస్తోందో నాకప్పుడు అర్థమైంది. ఆ కాగితం ఎన్నడూ తప్పలేదు. గోడ మీద గీతని నమ్మదు, డాక్టరమ్మ అంకెని నమ్మదు, నన్ను నమ్మదు. దాన్నొక్కదాన్నే నమ్ముతుంది. ఈసారీ గౌను అతికినట్టు సరిపోయిందంటే మందు పని చెయ్యనట్టే. నాకు ఆసుపత్రి అంకెలు తెలుసు. తెలిసీ, ఒక గుండీ తప్పు కాజాకి ఎదురుగా కుట్టి విప్పాల్సొచ్చింది.

సాయంత్రం పిచ్చుక బడి సంచీ కోసం గొడవ చేస్తూ వచ్చింది. వదిన గౌను తల మీదుగా తొడిగింది. వీపున గుండీలు పెడుతూ పిల్ల మొహం వైపు చూడలేదు. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది.

పిచ్చుక చేతులు చాచింది. మణికట్లు బయటికొచ్చాయి. నడుం దగ్గర కుట్టు పక్కటెముకల మీదికెక్కి కూర్చుంది. అంచు మోకాలికి ఎక్కడో పైన ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది, ఇంత పొట్టిగా కుట్టేశావ్!" అంది పిచ్చుక, మహా కోపంగా. "నాది కాదు, ఎవరిదో చిన్నపిల్లది."

మా వదిన జీవితంలో సరిపోని గుడ్డ కుట్టడం అదే మొదటిసారి. పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడి, ఆ అంచు పట్టుకుని కిందికి లాగింది. అది రాలేదు. మళ్లీ లాగింది. లాగుతూ నవ్వుతోంది, ఏడుస్తోంది. "పొట్టిదైపోయిందే, అమ్మా, పొట్టిదైపోయింది" అంటోంది. అది పిల్లతో అంటోందో, మా అమ్మతోనో, నాకు తెలీదు. అమ్మ గరిటెతోనే కళ్లు తుడుచుకోబోయి, మళ్లీ కొంగుతో తుడుచుకుంది.

"దాన్ని చింపకు, లోపల మడతుందిగా, విప్పు" అంది అమ్మ.

"మడత చాలదత్తయ్యా" అంది వదిన.

లేచి మెళ్లో టేపు తీసింది. పిచ్చుకని వెలుతురు పడే చోట, గుమ్మంలో నిలబెట్టింది. భుజం మీద టేపు ఆనించి మోకాలి దాకా వదిలింది. నేను పెన్సిలు పట్టుకుని, అలవాటు కొద్దీ నా చెవి ఆవిడ నోటి దగ్గరికి వంచాను.

ఆవిడ గట్టిగా చదివింది. ఎదురుగా ఇస్త్రీ పెట్టె ఆగిపోయేంత గట్టిగా. నాకు వినబడలేదేమోనని మళ్లీ చదివింది. మొదటిసారే రాసుకున్నానని నేను చెప్పలేదు.